4800 డీపీఐ పేరుతో ఎక్కువ తీసుకున్న డబ్బు తిరిగి ఇస్తున్నాం

మా దగ్గర ఫొటోలు, నెగిటివ్‌లు స్కాన్ చేయించుకున్న అందరికీ నమస్కారం. ఈసారి రెండు సంగతులు చెప్పాలి. ఒకటి మేం చేసిన తప్పు. రెండోది, ఇంట్లోనే స్కానర్ కొనుక్కుంటే ఏది కొనాలి అని మీలో చాలామంది అడుగుతున్న ప్రశ్న. మా తప్పు చెబితేగానీ ఆ జవాబు సరిగా అర్థం కాదు, అందుకే ముందు అదే చెబుతున్నాను.

పోయిన నెల ఒకావిడ పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చారు. చిన్నప్పుడు వాళ్ల నాన్నగారు ఆవిణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్న ఫొటో అందులో ఉంది. వెనక గోడకి, రోజుకో కాగితం చింపే క్యాలెండర్ వేలాడుతోంది. ఆ ఫొటో ఏ రోజు తీశారో తెలుసుకోవాలని ఆవిడ కోరిక. మేం 4800 డీపీఐలో, అంటే అంగుళానికి 4800 చుక్కల చొప్పున, చేసిచ్చిన ఫైల్‌ని ఎంత పెద్దది చేసి చూసినా 17 అన్న అంకె తప్ప, కింద నెల పేరు అలికేసినట్టే ఉంది. అదే నెగిటివ్‌ని వాళ్లమ్మాయి ఇంట్లో ఒక మామూలు ఫ్లాట్‌బెడ్ (గాజు మీద పెట్టి మూత వేసే రకం) స్కానర్ మీద 2400లో చేసిందట. ఆ ఫైల్ కూడా తెచ్చారు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. అదే 17, దాని కింద అదే మసక. మా ఫైల్ బరువు మాత్రం నాలుగు రెట్లు.

ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ నాలుగు రెట్ల బరువుకి నేను ఎక్కువ రేటు తీసుకున్నాను.

ఆ సాయంత్రమే మా ఫ్లాట్‌బెడ్‌ని పరీక్షకి పెట్టాను. స్కానర్ల పదును కొలవడానికి ఒక గీతల పలక ఉంటుంది. 1951లో అమెరికా వైమానిక దళం తయారుచేసుకున్న నమూనా అది. మూడేసి గీతలు పక్కపక్కనే ఉండి, పోనుపోను సన్నబడుతూ వెళ్తాయి. ఎక్కడిదాకా అవి విడివిడిగా కనిపిస్తాయో అదే ఆ స్కానర్ అసలు శక్తి. మా దాంట్లో 2300 దగ్గరే గీతలు కలిసిపోయాయి. అంటే 4800 అని నేను అమ్మినదాంట్లో సగానికి పైగా ఉత్త అంకెలే. స్కానర్ పెట్టె మీద రాసే 4800, 6400 అన్న సంఖ్యలు ఆ యంత్రం ఎంత దగ్గర దగ్గరగా చుక్కలు తీసుకుంటుందో చెబుతాయి. లోపలి లెన్స్ అంత సన్నటి వివరాన్ని పట్టగలదా అన్నది వేరే లెక్క. ఈ వ్యాపారంలో ఉన్నవాణ్ని, పరీక్షించి చూసుకోవాల్సింది నేనే. చూసుకోలేదు.

కాబట్టి ఫ్లాట్‌బెడ్ మీద 4800 రకానికి డబ్బు కట్టిన ప్రతి ఒక్కరికీ 2400 రేటుకీ దానికీ ఉన్న తేడా తిరిగి ఇస్తున్నాం. ఆ రకాన్ని రేట్ల పట్టీలోంచి తీసేశాను. ఇక మిగతాది, కొనే సంగతి.

డీపీఐ సంఖ్య చూసి స్కానర్ కొనకండి. ముందు ఇంట్లో పెట్టె తెరిచి, ఉన్నవేమిటో లెక్కపెట్టండి. చాలామంది ఇళ్లలో ప్రింట్లే ఎక్కువ, నెగిటివ్‌లు తక్కువ. ప్రింట్లే అయితే ఖరీదైన యంత్రం అక్కర్లేదు. మామూలు ప్రింట్‌లో 300 డీపీఐకి మించిన వివరం పెద్దగా ఉండదు. 600లో చేస్తే 4×6 అంగుళాల ఫొటో 2400×3600 చుక్కల ఫైల్ అవుతుంది, అది ధారాళంగా సరిపోతుంది. పాస్‌పోర్టు సైజు బుల్లి ఫొటోలకి మాత్రం 1200 పెట్టండి, తర్వాత పెద్దవి చేయించుకోవాలనుకుంటారు కాబట్టి.

ఒక్క జాగ్రత్త. పల్చగా ఉండి, కంప్యూటర్ కేబుల్‌తోనే నడిచే స్కానర్లు ఎక్కువగా సీఐఎస్ రకం. గాజుకి అంటుకున్నదే వాటికి స్పష్టంగా కనిపిస్తుంది. అంచులు పైకి లేచిన పాత ఫొటో పెడితే మధ్యలో ముఖం బాగుంటుంది, పక్కవాళ్లు మసకబారతారు. సీసీడీ రకంలో అద్దాలు, లెన్స్ ఉంటాయి కాబట్టి ఫొటో కాస్త పైకి లేచినా తట్టుకుంటుంది. ఇవి సాధారణంగా మందంగా ఉండి, విడిగా కరెంటు అడాప్టర్‌తో వస్తాయి. పాత ఫొటోలకి నేను సీసీడీనే చెబుతాను. కాగితాలు లాక్కునే ఫీడర్ స్కానర్లలో పాత ప్రింట్లు పెట్టొద్దు. ఒక్క ఇసుక రేణువు లోపల ఇరుక్కుంటే ఆ తర్వాత వెళ్లే ప్రతి ఫొటోకీ పైనుంచి కిందిదాకా గీత పడుతుంది.

నెగిటివ్‌ల విషయం వేరు. వాటిలోంచి వెలుగు దూసుకు రావాలి. ప్రింటర్‌తో కలిసి వచ్చే స్కానర్ మీద నెగిటివ్ పెట్టి "నల్లగా వస్తోందండీ" అని అడిగినవాళ్లు ఎంతోమంది. మూతలో లైటు లేనిదే ఫిల్మ్ స్కాన్ కాదు. కొనేటప్పుడు ఆ లైటు ఉందా, ఫిల్మ్ పట్టే హోల్డర్లు ఇస్తున్నారా అని అడగండి.

తర్వాత స్కేలు తీసి ఫిల్మ్ కొలవండి. రెండు పక్కలా చిల్లులుండి, ఒక్కో బొమ్మ 36×24 మిల్లీమీటర్లుంటే అది 35 ఎంఎం. చిల్లులు లేకుండా ఆరు సెంటీమీటర్ల వెడల్పుంటే 120 రకం అయ్యుంటుంది. అన్నీ 35 ఎంఎం అయితే, వాటి కోసమే చేసిన ఫిల్మ్ స్కానర్ మేలు. ప్లస్టెక్ ఆప్టిక్‌ఫిల్మ్ 8200ఐ ఆ జాతిది. ఆవిడ నెగిటివ్‌ని నేను మళ్లీ చేసింది కూడా ఇలాంటి ఫిల్మ్ స్కానర్ మీదే. క్యాలెండర్ మీద "నవంబర్" అన్న అక్షరాలు విడివిడిగా లేచి కనిపించాయి. ఆవిడ స్క్రీన్ మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివారు. 120 కూడా ఉంటే మాత్రం 8200ఐ పనికిరాదు. ఎప్సన్ పర్ఫెక్షన్ వి600, వి850 లాంటి ఫ్లాట్‌బెడ్‌లు రెండు సైజులూ తీసుకుంటాయి. వి600 హోల్డర్‌లో ఒకసారికి 35 ఎంఎం బొమ్మలు పన్నెండు పడతాయి. 120 నెగిటివ్ పెద్దది కాబట్టి ఫ్లాట్‌బెడ్ 2400కే అందులోంచి చాలా వస్తుంది, అక్కడ బెంగ అక్కర్లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి ఇన్‌ఫ్రారెడ్. ఫిల్మ్ మీది దుమ్మునీ గీతల్నీ ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో కనిపెట్టి తీసేసే సదుపాయం ఇది. ప్లస్టెక్ 8200ఐలో చివరి 'ఐ' దాని గుర్తే. పక్కనే ఉండే 8100లో అది లేదు. కలర్ నెగిటివ్‌లు వందల్లో ఉంటే దీనికి డబ్బు పెట్టండి, లేకపోతే ఒక్కో మచ్చ చేత్తో చెరపడంలో సెలవులన్నీ అయిపోతాయి. కానీ బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌కి దాన్ని ఆపేయాలి. అందులో బొమ్మంతా వెండి రేణువులే, వెండి ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపేస్తుంది. స్కానర్ ఆ వెండినే దుమ్ము అనుకుంటుంది. ఒకసారి నేను ఆపడం మర్చిపోయి ఒక రోలంతా చేశాను. ముఖాల మీద వెలుగు పడిన చోటల్లా చర్మం కరిగినట్టు వచ్చింది. మళ్లీ మొదటినుంచీ చేయాల్సి వచ్చింది. ఇల్‌ఫర్డ్ ఎక్స్‌పీ2 లాంటి, కలర్ ఫిల్మ్ రసాయనాల్లోనే కడిగే బ్లాక్ అండ్ వైట్ రకాలకి మాత్రం ఇన్‌ఫ్రారెడ్ పనిచేస్తుంది.

చేతిలో పట్టేంత చిన్న కన్వర్టర్ డబ్బాలు కూడా దొరుకుతాయి, మీట నొక్కగానే బొమ్మ వచ్చేస్తుంది. లోపల ఉండేది ఒక చిన్న కెమెరా. పెట్టెలో ఏముందో చూసుకోవడానికి బాగుంటుంది. దాచుకునే ప్రతికి నేను వద్దంటాను. తెల్లటి దుస్తుల మీది మడతలు పూర్తిగా పోతాయి, అంచులు కోసుకుపోతాయి. మాక్రో లెన్స్ (చిన్నవాటిని బాగా దగ్గరినుంచి తీసే లెన్స్) ఉన్న మంచి డిజిటల్ కెమెరా ఇంట్లో ఉంటే, రంగులు సరిగా చూపే లైట్ ప్యానెల్ ఒకటి కొని ఫిల్మ్‌ని ఫొటో తీసుకోవడం అంతకన్నా ఎంతో నయం.

ఓపిక సంగతి కూడా ముందే చెప్పాలి. ఇన్‌ఫ్రారెడ్ పెట్టి 36 బొమ్మల రోలు చేయడానికి గంట పైనే పడుతుంది. రోజుకో రోలు అనుకుని మొదలుపెట్టిన వాళ్లే పూర్తిచేయడం చూశాను. అసలు ప్రతిని వివరం పోకుండా దాచే టిఫ్ ఫైల్‌లో, ఒక్కో రంగుకి 16 బిట్లతో దాచండి. పంచుకోవడానికి జేపెగ్ చాలు. స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో షార్పెనింగ్ (బొమ్మ అంచుల్ని పదును చేయడం) ఆపేయండి, అది తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఫొటో వెనక పెన్సిల్‌తో ఏమైనా రాసి ఉంటే ఆ వెనక వైపు కూడా స్కాన్ చేయండి. ఆ చేతిరాత ఎవరిదో చెప్పగలిగేవాళ్లు ఇంట్లో ఉండగానే చేయండి.

ఫ్రేము గాజుకి అతుక్కుపోయిన ఫొటోని లాగకండి, గాజుతోపాటే స్కాన్ చేయించండి. పెట్టె తెరవగానే వెనిగర్ వాసన వస్తే ఫిల్మ్ పాడవడం మొదలైందని అర్థం. ఆ రోళ్లని మిగతావాటి నుంచి వెంటనే వేరుచేసి, వాటినే ముందు స్కాన్ చేయండి. నెగిటివ్‌ల మీద తడిగుడ్డ పెట్టొద్దు, రబ్బరు బుడ్డితో గాలి కొట్టండి చాలు.

వచ్చే నెల నుంచి, బాగా ఉన్న విడి ప్రింట్లు మేం తీసుకోం. అవి మీరు ఇంట్లోనే మాకు దీటుగా చేసుకోగలరు, దానికి నాకు డబ్బివ్వడం అనవసరం. 35 ఎంఎం నెగిటివ్‌లు, స్లైడ్లు, గాజుకి అతుక్కున్నవి, ఉండచుట్టుకుపోయినవి మాత్రం తీసుకురండి. స్కానర్ కొనే ముందు మీ దగ్గరున్న రెండు మూడు నెగిటివ్‌లు తెస్తే ఫ్లాట్‌బెడ్ మీదా ఫిల్మ్ స్కానర్ మీదా ఉచితంగా చేసి చూపిస్తాను. తేడా మీ కంటికి ఆనకపోతే తక్కువ ధరదే కొనండి.

తేడా డబ్బు కోసం రసీదు అక్కర్లేదు. మేం ఇచ్చిన కవరు మీద నంబరు ఉంటుంది, అది చెబితే చాలు. డబ్బు బదులు అవే నెగిటివ్‌లు ఫిల్మ్ స్కానర్ మీద మళ్లీ చేసిమ్మంటే అదీ చేస్తాం, వచ్చిన వరసలో.