స్లైడ్ ఫిల్మ్ కడగడంలో కీలకం మొదటి ఆరు నిమిషాలే

సంపాదకుల వారికి,

నలుపు తెలుపు ఫిల్మ్‌నూ, కలర్ నెగెటివ్‌నూ ఇంట్లో కడుక్కునేవాళ్ళు కూడా కలర్ స్లైడ్ ఫిల్మ్, అంటే నెగెటివ్ కాక నేరుగా అసలు రంగుల్లోనే చిత్రం వచ్చే ఫిల్మ్, అనేసరికి వెనకడుగు వేస్తున్నారు. అది ల్యాబ్ యంత్రాలకే సాధ్యమని కొందరంటారు. రసాయనాల కిట్ తెచ్చి వేడినీళ్ళలో కలిపితే చాలని ఇంకొందరు ఉత్సాహపరుస్తారు. మొదటి మాట నమ్మితే ప్రయత్నమే ఉండదు. రెండో మాట నమ్మితే ఖరీదైన ఫిల్మ్ పాడవుతుంది. ఫొటోగ్రఫీ మీద ఆసక్తి ఉన్న మీ పాఠకుల కోసం ఈ పనిలో కష్టం ఎక్కడుందో, ఎక్కడ లేదో కాస్త వివరంగా రాస్తున్నాం.

నేడు దొరికే కొడాక్ ఎక్టాక్రోమ్ ఇ100, ఫ్యూజీ ప్రోవియా, వెల్వియా వంటివన్నీ ఈ-6 పద్ధతిలో కడిగేవే. ఆ పద్ధతి 1970ల నడిమి నుంచి ఉంది. ఫిల్మ్ డబ్బా మీద ‘ప్రాసెస్ ఈ-6’ అని ఉందో లేదో చూడకుండా కిట్ తెరవకండి. పాత పెట్టెల్లో దొరికే కోడాక్రోమ్ ఈ కిట్లకు లొంగదు. రంగు పుట్టించే కప్లర్లు ఆ ఫిల్మ్‌లో ఉండవు, దాని డెవలపర్లలో, అంటే చిత్రాన్ని బయటికి తెచ్చే ద్రావణాల్లో, ఉండేవి. దాన్ని కడిగే చివరి ల్యాబ్ కూడా 2010 చివర్లో కొత్త రోల్స్ తీసుకోవడం మానేసింది. అంతకుముందు కాలపు ఈ-4 ఫిల్మ్‌ను 38 డిగ్రీల ద్రావణంలో వేస్తే ఎమల్షన్, అంటే ఫిల్మ్ మీది పూత, మెత్తబడి ఊడిపోయే ప్రమాదం ఉంది.

లోపల జరిగేదేమిటో తెలిస్తే సగం భయం పోతుంది. మొదటి డెవలపర్ నిజానికి నలుపు తెలుపు డెవలపరే. ఫిల్మ్ పూతలో సిల్వర్ హాలైడ్ అనే, వెలుగుకు స్పందించే వెండి లవణం ఉంటుంది. కెమెరాలో వెలుగు తగిలిన హాలైడ్‌ను ఈ డెవలపర్ వెండిగా మారుస్తుంది. రంగు పుట్టించదు. వెలుగు తగలక మిగిలిపోయిన హాలైడ్ నుంచే స్లైడ్‌లోని రంగులు వస్తాయి. ఆ మిగిలినదంతా డెవలప్ అయ్యేలా రివర్సల్ రసాయనం సిద్ధం చేస్తుంది. పూర్వపు పద్ధతుల్లో ఈ పనికి ఫిల్మ్‌కు బల్బు వెలుతురు చూపేవారు. మూడు ద్రావణాల కిట్లలో ఈ రసాయనం కలర్ డెవలపర్‌లోనే కలిసి ఉంటుంది. కలర్ డెవలపర్ ఆ హాలైడ్‌ను వెండిగా మారుస్తూ, పక్కనే పసుపు, మెజెంటా, సయాన్ రంగులను పుట్టిస్తుంది. చివరికి బ్లిక్స్, అంటే బ్లీచ్, ఫిక్సర్ కలిసిన ద్రావణం, వెండినంతా తీసేస్తుంది. రంగే మిగులుతుంది.

కలర్ డెవలపర్ మిగిలిన హాలైడ్ మొత్తాన్నీ పట్టుకుంటుంది. బ్లిక్స్ మొత్తం వెండినీ తీసేస్తుంది. ఈ రెండూ పని పూర్తయ్యే దాకా సాగేవే గనక నిమిషం ఎక్కువైనా పెద్ద నష్టం లేదు. మొదటి డెవలపర్ అలాంటిది కాదు. దాన్ని సరిగ్గా సమయానికి ఆపాలి. ఎంత హాలైడ్ మిగలాలో, అంటే ఎంత రంగు రావాలో తేల్చేది అదొక్కటే. పైగా నెగెటివ్‌లో తప్పును ప్రింట్ దగ్గరో స్కాన్ దగ్గరో దిద్దుకోవచ్చు. స్లైడ్ అయితే అదే తుది చిత్రం. అందుకే మీ జాగ్రత్తనంతా అన్ని దశలకూ సమంగా పంచకండి, ఎక్కువ భాగం మొదటి డెవలపర్‌కే కేటాయించండి.

మొదటి డెవలపర్ ఉష్ణోగ్రత 38 డిగ్రీల సెల్సియస్. ల్యాబ్‌లలో అటూ ఇటూ 0.3 డిగ్రీలకు మించనివ్వరు. ఇంట్లో అర డిగ్రీలోపు నిలబెట్టగలిగితే మంచి ఫలితం వస్తుంది. దీనికి ముందుగా నమ్మదగిన థర్మామీటర్ కావాలి. ఇంట్లో జ్వరం చూసుకునే డిజిటల్ థర్మామీటర్ ఇక్కడ గొప్పగా పనికొస్తుంది. అది కొలిచేదే ఈ 38 డిగ్రీల చుట్టుపక్కల. మొన తడవడానికి వీలున్నదైతే దాన్నీ, మీ ఫొటో థర్మామీటర్‌నూ ఒకే గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో ముంచి తేడా రాసి పెట్టుకోండి. ఆ తేడాను ప్రతిసారీ కలుపుకోండి, లేదా తీసేయండి.

నీళ్ళను ఒకే వేడిలో ఉంచే సూవీడ్ కర్ర ఉంటే బేసిన్‌లో పెట్టి సీసాలన్నీ అందులో నిలబెట్టవచ్చు. లేకపోతే పెద్ద బకెట్ నీళ్ళు చాలు. నీళ్ళు ఎంత ఎక్కువుంటే అంత నెమ్మదిగా చల్లారతాయి. నీళ్ళు 38కి రాగానే సీసాలోని ద్రావణం కూడా 38కి వచ్చినట్టు కాదు. ఒక లీటరు సీసా లోపలిదాకా వేడెక్కడానికి అరగంటకు పైనే పడుతుంది. సీసాను అప్పుడప్పుడు తిప్పి, లోపలి ద్రావణాన్నే కొలవండి.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడి నుంచే. 38 డిగ్రీల డెవలపర్‌ను గది వేడిలో ఉన్న, ఫిల్మ్ కడిగే ట్యాంకులో పోయగానే ప్లాస్టిక్, ఫిల్మ్ చుట్టే రీలు, ఫిల్మ్ అన్నీ కలిసి ఒకటి రెండు డిగ్రీలు లాగేసుకుంటాయి. ట్యాంకును చేతిలో పట్టి తిరగేస్తున్న కొద్దీ ఇంకా చల్లారుతుంది. ఫలితంగా స్లైడ్లు ముదురుగా వస్తాయి. తప్పు కెమెరా మీటర్ మీద వేస్తాం. దీనికి విరుగుడు రిహార్సల్. ఫిల్మ్ లేకుండా ట్యాంకులో రీలు పెట్టి, 39 డిగ్రీల నీళ్ళతో ఐదు నిమిషాలు వెచ్చబరచి పారబోయండి. తర్వాత 38.5 డిగ్రీల నీళ్ళు పోసి, మామూలుగా ఎన్నిసార్లు తిరగేస్తారో అలాగే తిరగేయండి. మధ్యమధ్య ట్యాంకును బేసిన్‌లోనే ఉంచండి. ఆరు నిమిషాలకు మూత తీసి కొలవండి. 37.5 ఉంటే సగటు 38 అయినట్టే. అంతకన్నా తగ్గితే ఆరంభపు వేడిని కొంచెం పెంచి మళ్ళీ చూడండి. ఈ అరగంట శ్రమ ఒక రోల్‌ను కాపాడుతుంది.

సమయం కిట్‌ను బట్టి మారుతుంది. చాలావాటిలో తాజా మొదటి డెవలపర్‌కు 6 నుంచి 6 నిమిషాల 30 సెకన్ల దాకా చెబుతారు. మీ కిట్ కాగితం చెప్పిందే పాటించండి. పోయడం మొదలైన క్షణం నుంచి గడియారం నడవాలి. పారబోయడానికి పట్టే పది, పదిహేను సెకన్లు కూడా ఆ సమయంలోపే ఉండాలి. తిరగేయడం కూడా ప్రతిసారీ ఒకే తీరులో జరగాలి. ఒకసారి జోరుగా, మరోసారి మెల్లగా తిప్పితే సమయం ఎంత కచ్చితంగా ఉన్నా ఫలితం మారుతుంది. పోసిన వెంటనే ట్యాంకు అడుగును గట్టిగా రెండుసార్లు తట్టండి. గాలి బుడగ అంటుకున్న చోట మొదటి డెవలపర్ పనిచేయక స్లైడ్ మీద ముదురు చుక్క పడుతుంది.

వెంటనే అదే వేడి నీళ్ళతో కడగాలి. నింపడం, నాలుగైదుసార్లు తిరగేయడం, పారబోయడం, ఇలా కనీసం ఐదారుసార్లు చేయాలి. మొదటి డెవలపర్ మిగిలి కలర్ డెవలపర్‌లోకి వెళితే రంగులు పలచబడతాయి. ఆరు ద్రావణాల కిట్ వాడేవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. రివర్సల్ బాత్‌కూ కలర్ డెవలపర్‌కూ మధ్య నీళ్ళతో కడగకూడదు. ఆ రసాయనం ఫిల్మ్‌లో నిలిచి ఉండాలి. మూడు ద్రావణాల కిట్‌లో ఈ సమస్య లేదు.

కలర్ డెవలపర్ సుమారు ఆరు నిమిషాలు, బ్లిక్స్ ఆరు నుంచి పది నిమిషాలు. స్లైడ్ ఫిల్మ్‌లో బ్లిక్స్‌కు పని ఎక్కువ. ఫిల్మ్‌లో ఉన్న హాలైడ్ అంతా రెండు డెవలపర్ల తర్వాత వెండిగా మారి ఉంటుంది. ఆ మొత్తాన్నీ అదే తీయాలి. వాడిన బ్లిక్స్‌కు రెండు మూడు నిమిషాలు అదనంగా ఇవ్వడమే మేలు. బ్లిక్స్ పోశాక ట్యాంకులో వాయువు పుట్టి మూత ఎగదన్నవచ్చు. మొదటి నిమిషంలో మూత అంచు ఎత్తి ఒకటి రెండుసార్లు వదలండి. కిట్‌లో స్టెబిలైజర్, అంటే రంగులు చెడకుండా నిలిపే చివరి ద్రావణం, ఇస్తే మానేయకండి. దాన్ని డిస్టిల్డ్ వాటర్‌తోనే కలపండి, ఎండాక మరకలుండవు. దాని తర్వాత మళ్ళీ నీళ్ళతో కడగకూడదు.

తడి ఫిల్మ్ చూసి తీర్పు చెప్పకండి. తడిగా ఉన్నప్పుడు స్లైడ్ పాలు కలిసినట్టు నీలిఛాయతో మసకగా ఉంటుంది. ఎండాకే అసలు రంగు తేలుతుంది. ఎండిన తర్వాత ముందుగా చిత్రాలు కాక ఫిల్మ్ అంచు చూడండి. కెమెరాలోకి ఎక్కించేటప్పుడు వెలుగు తగిలిన కొస పూర్తిగా పారదర్శకంగా ఉండాలి. వెలుగు తగలని అంచు గాఢమైన నలుపుగా ఉండాలి. కంపెనీ ముద్రించిన అంచు అంకెలు ప్రకాశంగా కనిపించాలి. ఈ మూడూ సరిగ్గా ఉండి చిత్రాలు ముదురుగా ఉంటే తప్పు ఎక్స్‌పోజర్‌ది, అంటే కెమెరాలో ఫిల్మ్‌కు తగిలిన వెలుగు మోతాదుది. కొస మసకగా, అంకెలు మందంగా ఉంటే మొదటి డెవలపర్ చల్లారింది, అలిసింది, లేదా సమయం చాలలేదు. అంచు నలుపు పలచబడి గోధుమరంగుకో ఆకుపచ్చకో తిరిగితే మొదటి డెవలపర్ ఎక్కువైంది, లేదా ఫిల్మ్‌కు ఎక్కడో వెలుగు తగిలింది, లేదా డెవలపర్‌లో బ్లిక్స్ పడింది.

ఆ చివరిది చాలా సులభంగా జరిగిపోతుంది. బ్లిక్స్‌లో ఫిక్సర్ ఉంటుంది గనక, రంగు కావాల్సిన హాలైడ్‌ను అది ముందే కరిగించేస్తుంది. కొద్దిగా పడినా చాలు. అందుకే గరాటు, కొలపాత్ర, సీసా, మూత ఏ ద్రావణానికి దానికే ఉండాలి, మూతల మీద కూడా పేర్లు రాయాలి. కలిపేటప్పుడు మొదటి డెవలపర్‌తో మొదలుపెట్టి బ్లిక్స్‌తో ముగించండి. ఫిల్మ్ మొత్తం తెల్లగా పారదర్శకంగా వస్తే బ్లిక్స్ ముందు పోశారని, లేదా ఫిల్మ్‌కు పూర్తిగా వెలుగు తగిలిందని అర్థం. మొత్తం నల్లగా వస్తే మొదటి డెవలపర్ పనిచేయలేదు, లేదా అసలు ఫిల్మ్ కెమెరాలో తిరగలేదు. రంగులున్నా బూడిద పట్టినట్టు మురికిగా ఉంటే వెండి మిగిలింది. ఇదొక్కటి దిద్దుకోవచ్చు. తాజా బ్లిక్స్‌లో మళ్ళీ పది నిమిషాలు ఉంచి, కడిగి, స్టెబిలైజర్ ఇస్తే వెలుగొస్తుంది.

రసాయనాలు కలిపేటప్పుడు ముందు నీళ్ళు, ఆ తర్వాత కాగితంలో చెప్పిన వరుసలో ఒక్కొక్క భాగం పోసి కలియబెట్టండి. చిక్కటి ద్రవాలను నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే కరగని అడుగు పేరుకోవచ్చు. రెండు డెవలపర్లకూ డిస్టిల్డ్ వాటర్ వాడటమే మంచిది. కలిపిన మొదటి డెవలపర్‌కు గాలే శత్రువు. లీటరు కలిపితే రెండు అర లీటరు సీసాల్లో గొంతు దాకా నింపి పెట్టండి. ముందుగా ఫిల్మ్‌లు పోగుచేసుకుని, ఆ తర్వాతే కిట్ కలిపి, రెండు వారాల్లోపు అన్నీ కడిగేయాలన్నది మా గట్టి అభిప్రాయం. ట్యాంకులో ఎంత పోయాలో దాని అడుగునే రాసి ఉంటుంది. చాలా ప్లాస్టిక్ ట్యాంకుల్లో 35 ఎంఎం రోల్‌కు దాదాపు 300 మి.లీ., అంతకన్నా వెడల్పైన 120 రోల్‌కు 500 మి.లీ. పడుతుంది. ద్రావణాన్ని మళ్ళీ వాడితే మొదటి డెవలపర్ సమయం ప్రతిసారీ కాగితం చెప్పినంత పెంచాలి. ఎన్ని రోల్స్ కడిగారో సీసా మీదే గీతలు గీసుకోండి, జ్ఞాపకాన్ని నమ్ముకోవద్దు. అపురూపమైన చిత్రాలున్న రోల్‌ను తాజా ద్రావణంలోనే కడగండి.

కిట్‌ను తప్పుపట్టే ముందు ఎక్స్‌పోజర్ కూడా చూసుకోవాలి. స్లైడ్ ఫిల్మ్ అర స్టాప్ తేడాకే పట్టుబడుతుంది (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు లేదా సగం కావడం). వెలుగు ఎక్కువై తెల్లబడిన చోట తిరిగి ఏమీ రాదు గనక మీటర్‌ను ప్రకాశవంతమైన భాగాల వైపు చూసి పెట్టాలి. తక్కువ వెలుగులో తీసిన రోల్ మొత్తాన్ని ఒక స్టాప్ పుష్ చేయాలంటే, అంటే ఎక్కువసేపు డెవలప్ చేసి ఆ లోటు పూడ్చాలంటే, మొదటి డెవలపర్‌కు సుమారు రెండు నిమిషాలు కలపాలి. మిగతా దశలు మారవు. నీడలు కొంత మూసుకుపోతాయి, నలుపు కొంత పలచబడుతుంది. మొదటి ప్రయత్నానికి ఒక రోల్‌ను పరీక్షకే వదిలేసి, బూడిదరంగు కార్డు, తెల్లబట్ట, మనిషి ముఖం ఒకే చట్రంలో పెట్టి అర స్టాప్ తేడాలతో తీయండి.

కలర్ డెవలపర్‌లోని సీడీ-3 అనే రసాయనం చర్మానికి ఎలర్జీ తెప్పిస్తుంది. ఒకసారి వస్తే ఆ తర్వాత కొద్దిపాటి తాకిడికే తిరగబెట్టవచ్చు. నైట్రైల్ గ్లౌజులు, కళ్ళద్దాలు, తెరిచిన కిటికీ తప్పనిసరి. వంటపాత్రలు ఒక్కసారి కూడా వాడకండి. బ్లిక్స్ పనిచేసిన చోట ఇల్లు శుభ్రం చేసే క్లోరిన్ బ్లీచ్ పోయకూడదు, విషవాయువులు పుడతాయి. వాడిన బ్లిక్స్‌లో వెండి ఉంటుంది. దాన్ని మట్టిలోనో కాలువలోనో పోయకుండా వేరే సీసాలో దాచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రానికో, ఫొటో ల్యాబ్‌కో అప్పగించండి. సీసా మీద ‘వాడిన బ్లిక్స్’ అని, తేదీతో సహా రాయండి. మూత మరీ బిగించకండి, పిల్లలకు అందనివ్వకండి.

ఇట్లు,
స్లైడ్ ఫిల్మ్ కడిగే మీ పాఠకులు