నరాల ఆపరేషన్ అయిన పిల్లల సహాయ నిధి: 2024–25 జమా ఖర్చుల వివరణ

దాతలకు, తల్లిదండ్రులకు నమస్కారం. 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు లెక్క ఇది.

జమ: పాత నిల్వ రూ. 18,400. 14 కుటుంబాల నెలచందా, నెలకు 200 చొప్పున, రూ. 33,600. విరాళాలు రూ. 1,26,000. బ్యాంకు వడ్డీ రూ. 1,150. మొత్తం జమ రూ. 1,79,150.

మొత్తం ఖర్చు రూ. 1,41,750. నిల్వ రూ. 37,400.

ఆపరేషన్ అయిపోయాక ఇంత ఖర్చేమిటని కొందరు దాతలు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. కాన్పులో భుజం ఇరుక్కుని, మెడ నుంచి చేతికి దిగే నరాలు తెగితే, పిక్క నుంచి తీసిన నరం ముక్కతో సర్జన్ అతుకుతారు. అక్కడి నుంచి నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరే పాకుతుంది. అది కండను చేరడానికి నెలలు పడుతుంది. ఈలోపు చేతిని లోపలికి తిప్పే కండరాలదే పైచేయి. భుజం అలాగే బిగుసుకుంటే ఎదిగే కొద్దీ కీలు గుంట చదునవుతుంది, ఎముక తల వెనక్కి జారుతుంది. అప్పుడు నరం పనిచేసినా, ముద్ద నోట్లో పెట్టుకోవాలంటే బూర ఊదేటప్పటిలా మోచెయ్యి పైకి లేస్తుంది.

అందుకే పెద్ద ఖర్చు ఫిజియోథెరపీ: 24 సార్లకు, 1,800 చొప్పున రూ. 43,200. తల్లులకు నేర్పించింది ముఖ్యంగా ఒకటే. మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి, 90 డిగ్రీలు మడిచి, ముంజేతిని మెల్లగా బయటికి తిప్పాలి. రెండో చేత్తో, వీపు పైన ఉండే రెక్క ఎముకను అదిమి పట్టాలి. పట్టకపోతే రెక్కే కదులుతుంది, కీలు సాగదు. బట్టలు మార్చిన ప్రతిసారీ చేయాలి. ఆపరేషన్ కొత్తలో మాత్రం సర్జన్ చెప్పేదాకా చెయ్యి కదపకూడదు, కదిపితే నరం అతుకు ఊడవచ్చు.

భుజాన్ని బయటికి తిప్పి పట్టి ఉంచే స్ప్లింట్లు 9, ఒక్కోటి 4,500, రూ. 40,500. పిల్లలు ఆరుగురే. ముగ్గురికి ఏడాదిలోపే పొట్టివై మళ్లీ చేయించాం. అంతకుముందు రెడీమేడ్‌వి రెండు కొని రూ. 3,600 పోగొట్టాం. అవి మణికట్టునే పట్టాయి, భుజాన్ని బయటికి తిప్పి ఉంచలేదు. ఆ తప్పు కమిటీదే.

ఒక పాపకు వీపు కండరాన్ని భుజం వెనక్కి మార్చి కుట్టిన రెండో ఆపరేషన్ తరువాత కట్టుకూ బ్రేస్‌కూ రూ. 14,000. దారి ఖర్చులు 22 సార్లకు, 1,100 చొప్పున రూ. 24,200. భుజం కీలు జారుతోందేమో చూసే అల్ట్రాసౌండ్లు 8, రూ. 7,200. చాపలు, అద్దం, కోణం కొలిచే గోనియోమీటరు, ఆటవస్తువులు రూ. 6,350. అద్దం అనవసరమని మొదట అనుకున్నాం. రెండు చేతులూ ఒకేసారి కనిపించేసరికి పిల్లలు జబ్బు చేతినీ వాడుతున్నారు.

చెయ్యి ఎంతవరకు కదులుతోందో అంకెల్లో రాసే మాలెట్ స్కోరు పట్టికల అచ్చు రూ. 2,700. చెయ్యి పక్కకు లేపడం, బయటికి తిప్పడం, మెడ వెనక్కి, నడుము వెనక్కి, నోటికి పోనివ్వడం, ఈ ఐదింటికీ 1 నుంచి 5 దాకా అంకె వేస్తారు. చెప్పింది చేసే వయసు పిల్లలకే, సుమారు మూడేళ్లు దాటాక, ఇది కుదురుతుంది.

నిల్వలో రూ. 9,000 జూన్‌లో మార్చాల్సిన రెండు స్ప్లింట్లకు పక్కన పెట్టాం. బిల్లులు, పాస్‌బుక్కు ప్రతి నెలా మొదటి ఆదివారం ఉదయం 10 నుంచి 12 దాకా కోశాధికారి దగ్గర ఎవరైనా చూడవచ్చు.