మంచం చుట్టూ ఒక తెర

సంపాదకులకు నమస్కారం.

మాది నరసన్నపేట. ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంటాను. మా అమ్మ కిందటి మాఘమాసంలో అంగిలి క్యాన్సర్‌తో పోయింది. మా ప్రాంతంలో ఆమె వయసు ఆడవాళ్లు చాలామందికి అడ్డపొగ అలవాటు. చుట్టను వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకుని పీలుస్తారు. ఆ వేడికి అంగిలి ఏళ్లతరబడి కాలుతుంది. ఆ అలవాటు మానమని అమ్మకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అయితే ఈ ఉత్తరం రాస్తున్నది ఆమె చివరి 19 రోజుల గురించి.

ఇక ఆపరేషనూ కరెంటు పెట్టడమూ (రేడియేషన్) పనికిరావని విశాఖలో డాక్టర్లు చెప్పాక, మా జిల్లాలోనే ఒక ఆసుపత్రిలో చేర్చాము. అప్పటికే పుండు బుగ్గను చీల్చుకుని బయటికి వచ్చింది. వాసన వేసేది, నిజమే. రెండో రోజు నర్సు ఒకామె ముక్కు మూసుకుని, "ఈ ముసలమ్మ కంపు భరించలేం, మంచం వరండాలోకి జరపండి" అన్నది. అమ్మకు మాట పడిపోయింది గాని చెవులు బాగానే వినిపిస్తాయి. ఆనాటి నుంచి ఎవరు దగ్గరికి వచ్చినా కొంగుతో ముఖం కప్పుకునేది. ప్రాణంగా పెంచిన మనవడు వస్తే గోడవైపు తిరిగి పడుకునేది.

మరునాడు మధ్యాహ్నం, రోగులను చూడడానికి మగవాళ్లూ వచ్చే వేళలో, ఆ వార్డు మధ్యలోనే చీర తొలగించి మూత్రం గొట్టం మార్చారు. చెరువులో స్నానానికి చీకటి పడ్డాకే దిగిన మనిషి ఆమె. నా చేయి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ల గుర్తులు రెండు రోజులు పోలేదు. ఆ రాత్రి ఇంటికి వచ్చి రెండు పాత చీరలు కలిపి తెర కుట్టాను. కిటికీ ఊచకూ సెలైను స్టాండుకూ తాడు కట్టి వేలాడదీస్తే, డాక్టర్లు తిరిగేటప్పుడు అడ్డమని తీయించేశారు.

అందరూ అలాంటివారే అంటే పాపం. రాత్రి డ్యూటీకి వచ్చే చిన్న వయసు సిస్టరు ఒకామె, "అమ్మా, పుండు కడుగుతున్నాను, మండితే చేయి ఎత్తు" అని చెప్పాకే ముట్టుకునేది. ఉప్పునీటితో కడిగి, మెట్రోనిడజోల్ మాత్రలు పొడి చేసి పుండు మీద చల్లడం ఆమే నాకు నేర్పింది. పుండు లోతుల్లో వాసన పుట్టించే క్రిములు దానితో చస్తాయట. విరేచనాలకు మనం మందుల షాపులో కొనుక్కునే మాత్రే అది. మూడు రోజులకు వాసన చాలావరకు తగ్గింది. నాలుగో రోజు అమ్మ కొంగు తీసి మనవడిని చూసింది. అంత చవకైన మందు మొదటి రోజే ఎందుకు వేయలేదు? మంచం వరండాలోకి జరపడం కన్నా అది కష్టమైన పనా?

ఒక్కో నర్సుకు ఎంతమంది రోగులో నేను కళ్లారా చూశాను. వాళ్ల అలసట నాకు తెలుసు. కానీ చెప్పి ముట్టుకోవడానికి వేరే సమయం అక్కరలేదు.

నొప్పి సంగతీ చెప్పాలి. తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫిన్ మాత్రల కోసం మా తమ్ముడు రెండుసార్లు విశాఖకు వెళ్లాడు. గుర్తింపు పొందిన ఆసుపత్రులు ఇలాంటి మందులను సులువుగా తెచ్చుకునేలా 2014లోనే పార్లమెంటు మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించింది. మరి ఆ మాత్ర మా జిల్లాలో మంచం దాకా ఎందుకు రాలేదు? గౌరవంగా మరణించడం కూడా జీవించే హక్కులో భాగమేనని 2018 మార్చి 9న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ఇక కోలుకోలేని రోగికి వెంటిలేటర్ల వంటివి ఆపడం గురించే కావచ్చు. నొప్పితో మూలిగే మనిషికి మాత్ర ఇవ్వడం, బట్ట తీసేముందు తెర వేయడం అందులోకి రావంటే నేను ఒప్పుకోను.

అమ్మ పోయిన తెల్లవారుజామున, ఎవరూ అడగకుండానే తెల్లగుడ్డ తెచ్చి నిండా కప్పారు. బతికున్నన్నాళ్లూ నేను అడిగింది ఆ గుడ్డే.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఆసుపత్రివారైనా సరే, క్యాన్సర్ రోగుల మంచాల చుట్టూ తెరలు కట్టడానికి కడ్డీలు బిగిస్తే, గుడ్డ నేనే కొని ఉచితంగా కుట్టి ఇస్తాను. మంచం పొడవు, వెడల్పు, కడ్డీ ఎత్తు చెబితే చాలు. చిరునామా ఈ ఉత్తరంతో మీ కార్యాలయానికి పంపుతున్నాను. అడిగినవారికి దయచేసి ఇవ్వండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా