పీణ్యా ఫౌండ్రీలో డాలరు ఇన్వాయిస్

మల్లేశ్వరం, బెంగళూరు.

ప్రియమైన రాఘవా,

డిజిటల్ కరెన్సీలు వచ్చాయి కదా, ఇక డాలరు పెత్తనం ఎన్నాళ్లు సాగుతుందని నీ ఉత్తరంలో అడిగావు. ఒక్కమాటలో తేల్చలేక సావకాశంగా రాస్తున్నాను.

పీణ్యాలో మా బావగారి ఫౌండ్రీ నీకు గుర్తుండే ఉంటుంది. ఆయన దుబాయి వ్యాపారి దగ్గర అల్యూమినియం స్క్రాప్ కొంటారు. ఆ బేరంలో అమెరికాకు ఏ ప్రమేయమూ లేదు, అయినా ఇన్వాయిస్ మీద ధర డాలర్లలోనే ఉంటుంది. అందువల్ల దుబాయి ఆయన ధర పెంచకపోయినా, డాలరుతో రూపాయి దిగినప్పుడల్లా బావగారికి సరుకు ఖరీదు పెరుగుతుంది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

డాలరు పెత్తనం వెనక కథ పాతదే. 1944లో అమెరికాలోని బ్రెటన్ వుడ్స్‌లో 44 దేశాలు ఔన్సు బంగారానికి 35 డాలర్లన్న లెక్కకు ఒప్పుకున్నాయి. 1971 ఆగస్టు 15న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఆ ముడి తెంచేశాడు. బంగారం ఆసరా పోయినా డాలరు నిలబడింది. ఎందుకంటే ఏ దేశపు కేంద్ర బ్యాంకైనా ఎంత పెద్ద మొత్తాన్నయినా అమెరికా ప్రభుత్వ బాండ్లలో దాచుకుని, అవసరమైన రోజున అమ్ముకోగలదు. అంత లోతైన బజారు మరెక్కడా లేదు.

2022లో రష్యాకు చెందిన దాదాపు 300 బిలియన్ డాలర్ల విలువైన నిల్వలను పాశ్చాత్య దేశాలు స్తంభింపజేయడంతో చాలామందికి భయం పట్టుకుంది. ఆ భయంతో కేంద్ర బ్యాంకులు డిజిటల్ నాణేల వైపు వెళ్లలేదు, 2022 నుంచి 2024 వరకు ఏటా వెయ్యి టన్నులకు పైగా బంగారం కొన్నాయి. ఇక రష్యా మనకు సరుకు అమ్మి సంపాదించిన రూపాయలు మన బ్యాంకుల్లోనే పేరుకుపోయాయని, వాటిని వాడుకోలేకపోతున్నామని 2023లో రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్ గోవాలో చెప్పాడు. నా దృష్టిలో అసలు చిక్కు అదే. డబ్బు క్షణంలో చేరినా, చేరిన డబ్బుతో కొనుక్కోవడానికి ఏమీ లేకపోతే దాన్ని ఎవరు ఉంచుకుంటారు?

స్టేబుల్ కాయిన్ల సంగతి, అంటే ఏదో ఒక కరెన్సీ విలువకు కట్టి ప్రైవేటు సంస్థలు జారీ చేసే డిజిటల్ నాణేల సంగతి, మరీ విచిత్రం. వాటిలో అత్యధికం డాలరుకు కట్టినవే, పైగా వాటిని జారీ చేసే సంస్థలు అమెరికా ట్రెజరీ బిల్లులు, అంటే ఆ ప్రభుత్వపు స్వల్పకాలిక రుణపత్రాలు, కొని దాచుకుంటాయి. 2025 జూలైలో అమెరికాలో వచ్చిన జీనియస్ చట్టం, జారీ చేసిన నాణేలకు సరిసమానంగా డాలర్లు గానీ అలాంటి బిల్లులు గానీ పూచీగా ఉంచడాన్ని తప్పనిసరి చేసింది. సొంత కరెన్సీ విలువ కరిగిపోతున్న దేశాల్లో జనం ఫోనులోనే డాలరు దాచుకుంటున్నారు. అంటే ఈ డిజిటల్ నాణెం డాలరుకు కొత్త ఊళ్లు చూపిస్తోంది.

చైనా, హాంకాంగ్, థాయిలాండ్, యూఏఈ కేంద్ర బ్యాంకులు కలిసి కట్టిన ఎంబ్రిడ్జ్ అనే డిజిటల్ కరెన్సీ చెల్లింపుల వేదిక మాత్రం గమనించదగినది, ఎందుకంటే అందులో చెల్లింపు న్యూయార్కు బ్యాంకుల ముఖం చూడకుండా నేరుగా జరిగిపోతుంది. మన రిజర్వు బ్యాంకు డిజిటల్ రూపాయి, అదే ఇ-రూపాయి, 2022 డిసెంబరు 1న సామాన్యుల కోసం ప్రయోగాత్మకంగా మొదలైన నాలుగు నగరాల్లో బెంగళూరు ఒకటి. నేను వాడి చూశాను. కిరాణా కొట్టులో అది యూపీఐ లాగే పనిచేస్తుంది. అది సరిహద్దు దాటినప్పుడే బావగారి లాంటివారికి అక్కరకొస్తుంది.

ప్రపంచ కేంద్ర బ్యాంకుల విదేశీ కరెన్సీ నిల్వల్లో డాలరు వాటా 1999లో సుమారు 71 శాతం, 2024 నాటికి 58 దగ్గరికి వచ్చింది. పాతికేళ్లలో తగ్గింది ఇంతే కాబట్టి రేపో మాపో కూలుతుందని నేను నమ్మను.

రూపాయల్లో ఇన్వాయిస్ ఇమ్మని బావగారి చేత దుబాయికి రాయించాను. దిర్హముల్లో అయితే ఇస్తామన్నారు. ఆ దిర్హము డాలరుకు 3.6725 చొప్పున 1997 నుంచి కట్టుబడి ఉంది, అంటే అదీ డాలరు లెక్కే. మళ్లీ రూపాయల్లోనే అడగమన్నాను. జవాబు రాగానే నీకు రాస్తాను.

నీ
శ్రీనివాస్