ఒక చేత్తో పురి, ఇంకో చేత్తో పురుడు

ఒరేయ్ గుండూ,

ముందు తిట్టెయ్, తర్వాత చదువు. నీ మూడు ఉత్తరాలూ బల్ల మీద ఉన్ని బుట్ట కింద పడి ఉన్నాయి. మూడోదాని మీద ఎర్ర సిరాతో "ఇదే ఆఖరిది" అని రాశావు. అది చూశాక కూడా వారం ఆగాను. తప్పే. కానీ సగం చేతులతో ఉత్తరం ఎలా రాయమంటావు? అర్థం కాలేదు కదూ. చెప్తా.

మా వార్తలు గబగబా: నాన్న కంటి ఆపరేషన్ బాగా జరిగింది, ఇప్పుడు నా గడ్డంలో తెల్ల వెంట్రుకలు లెక్కపెడుతున్నారు. షెడ్డుకి కొత్త రేకులు వేయించాం. పెద్దాడు పాసయ్యాడు, ఎలా అని అడక్కు. నా నడుము సంగతి నీకు తెలిసిందే. అంతే.

అసలు సంగతి. మహారాణి ఈనింది, అదే, ఉన్ని కోసం పెంచుతున్న మా ఆల్పాకా, ఒంటెల చుట్టం. పిల్ల బతికింది. పురుడు పోసింది ఎవరనుకున్నావు? నేను! సైన్సు ల్యాబులో కప్పని చూసి నీ ఒళ్ళో పడిపోయిన నేనే. ఆ కప్ప గురించి ఇక జన్మలో ఎత్తకూడదు నువ్వు, చెల్లు.

అది చూడి కట్టిందని మొదట తెలిసింది నీ వల్లే, గుర్తుందా? నీ నీలం చొక్కా రోజు. మా మగ ఆల్పాకా సుబేదారుని దాని దొడ్లోకి వదిలాం. అది చెవులు వెనక్కి పెట్టి, మెడ పైకెత్తి, కడుపులోంచి పచ్చటి ఉమ్ము తీసి కొట్టింది. సుబేదారు తప్పుకున్నాడు, నువ్వు తప్పుకోలేదు. చూడి కట్టిన ఆడ ఆల్పాకా మగదాన్ని దగ్గరికి రానివ్వదు, ఉమ్మి తరిమేస్తుంది. పెంచేవాళ్ళకి అదే మొదటి రిపోర్టు. తర్వాత డాక్టరు గారు స్కానింగ్ చేసి ఖాయం చేశారు కానీ, అసలు సర్టిఫికెట్ నీ చొక్కానే.

ఇవి పదకొండున్నర నెలలు మోస్తాయి. 340 అని షెడ్డు గోడ మీద సుద్దతో రాసుకుని రోజుకొకటి కొట్టేస్తూ వచ్చాను. 340 దాటింది. 345 దాటింది. మీ చెల్లెమ్మ "అది మీలాగే, దేనికీ టైముకి రాదు" అంది. ఆ పొద్దున 349.

రాత్రి కాపలా బాధ లేదులే. వీటి పుట్టిల్లు ఆండీస్ కొండలు కదా, అక్కడ రాత్రిళ్ళు గడ్డకట్టే చలి. చీకటి పడేలోపు పిల్ల తడి ఆరి, లేచి, పాలు తాగకపోతే తెల్లారేసరికి మిగలదు. అందుకే కాబోలు, దాదాపు అన్నీ పొద్దుటి నుంచి మధ్యాహ్నం లోపే ఈనుతాయి. పదకొండు దాటింది, మహారాణి తీరిగ్గా నెమరేస్తోంది. ఇక ఇవాళ కూడా లేదనుకుని స్టూలు లాక్కుని, దారం వడికే తకిలి పట్టుకుని కంచె పక్కన కూర్చున్నాను.

చేతిలో ఉన్నది కూడా దాని ఉన్నే, మొన్నటి కత్తిరింపుది. వీపు మీది మెత్తటిది ఒక్కటే ఏరి పెట్టుకున్నా. మెడది, కాళ్ళది ముతక, అది వేరే సంచిలో పడేశాను. గొర్రె ఉన్నికున్నంత జిడ్డు దీనికి ఉండదు, దుమ్ము దులిపి ఏకితే చాలు, ఏకులు మబ్బుతునకల్లా వస్తాయి. అంత ముచ్చటగా ఉన్న ఏకు వడకబోతే మేకవుతుందని ఎవడికి తెలుసు! వేళ్ళ మధ్య నిలవదు, జారిపోతుంది. పురి చాలకపోతే దారం నిద్రలో చెయ్యి వదిలేసినట్టు మెల్లగా విడిపోయి, తకిలి ధబ్బుమని కాలి మీద పడుతుంది. నా బొటనవేలు చూస్తే నీకే జాలేస్తుంది. ఈసారి పురి గట్టిగా ఎక్కించాను, పావు వంతు గొర్రె ఉన్ని కూడా కలిపాను. నీ టోపీ నేర్పిన పాఠం అది. ఆల్పాకా ఉన్ని వెచ్చగా ఉంటుంది కానీ సాగితే గొర్రె ఉన్నిలా మళ్ళీ ముడుచుకోదు. నీ ముక్కు దాకా దిగిందని రాశావు కదా, "టోపీ పంపావా, టోపీ పెట్టావా" అని. రెండూనురా.

ఎక్కడున్నాను? ఆ, వడుకు దగ్గర.

మూడు వారాలు వడికితే ఒంటిపేట దారం ఒక ఉండ వచ్చింది. దాన్ని రెండు పేటలు చెయ్యాలి. ఉన్నది ఒకే ఉండ. దీనికి ఆండీస్ వాళ్ళ చిట్కా ఒకటుంది. దారాన్ని ఎడమచేతి నడిమివేలి మీదుగా, మణికట్టు మీదుగా అటూ ఇటూ ఒక వరసలో చుట్టుకుంటూ పోవాలి. చివర్లో వేలు రక్తం ఆడక నేరేడుపండు రంగుకి వస్తుంది, పట్టించుకోకూడదు. మొత్తం చుట్టాక వేలి మీది మెలికలు తప్పించి కిందికి తోస్తే, మణికట్టుకి లావుపాటి కంకణంలా కూర్చుంటుంది. అప్పుడు రెండు కొసలూ కలిపి తకిలికి తగిలించి, వడికిన వైపుకి ఎదురు తిప్పాలి. రెండు పేటలూ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. చివరికి జానెడు దారం కూడా వృథా కాదు. షరతు ఒక్కటే, పనయ్యేదాకా కంకణం తియ్యకూడదు. తీసి పక్కన పడేశావంటే ఆ చిక్కు బ్రహ్మదేవుడు విప్పలేడు.

అంటే ఈ పని పూర్తిచెయ్యడానికి నేను నిజంగానే కంకణం కట్టుకున్నానన్నమాట. నవ్వకు.

పావు వంతు పని అయ్యేసరికి మహారాణి లేచి పెంటకుప్ప దగ్గరికి వెళ్ళింది. ఇవన్నీ ఒకే చోటికి వెళ్తాయని నీకు చూపించాను కదా, నీ కంటే క్రమశిక్షణ ఎక్కువ అని. వెళ్ళి నిలబడింది, ముక్కింది, ఏమీ లేదు. తిరిగొచ్చింది. ఐదు నిమిషాలకి మళ్ళీ వెళ్ళింది. నేను మహా మేధావిని కదా, మలబద్ధకం అనుకుని తకిలి తిప్పుకుంటూ కూర్చున్నాను. మూడోసారి వెళ్ళినప్పుడు తోక కింద ఉమ్మనీటి సంచి కనిపించింది.

సంచి పగిలింది. మూతి బయటికొచ్చింది. తడిసి నల్లగా మెరుస్తున్న చిన్న ముక్కు, దాని పక్కన ఒక పాదం. ఒకటే. రెండు రావాలి గుండూ. ముక్కూ, రెండు ముందు పాదాలూ, నీళ్ళలోకి దూకేవాడి చేతుల్లా రావాలి. పావుగంట చూశాను, అరగంట చూశాను. అది ముక్కుతోంది, రెండో పాదం జాడ లేదు.

డాక్టరు గారికి ఫోన్ చేస్తే రెండు గంటల దూరంలో ఉన్నారు. "అంతసేపు ఆగదు. చెయ్యి సబ్బుతో మోచేతి దాకా కడుక్కోండి, జెల్లీ రాసుకోండి, నేను చెప్తుంటాను" అన్నారు. మామూలుగా అన్నారు, గొళ్ళెం పెట్టండి అన్నట్టు.

అప్పుడు చూసుకున్నాను నా ఎడమచేతిని. కంకణం. కింద తకిలి గిర్రున తిరుగుతోంది.

మీ చెల్లెమ్మ పరిగెత్తుకొచ్చి "తెంపెయ్యండి దాన్ని!" అంది. నేను, చెప్పడానికి సిగ్గుగా ఉంది, "మూడు వారాల వడుకే" అన్నాను. ఆవిడ నా వైపు చూసిన చూపు... మన మూడో మెట్టు మీద మాస్టారు చూసిన చూపు గుర్తు తెచ్చుకో. ఒక్క క్షణం ఆగి, తన చెయ్యి నా చేతికి ఆనించి, కంకణాన్ని అలాగే తన మణికట్టు మీదికి జరుపుకుంది. తకిలిని ఎక్కడ పెట్టాలో తెలియక పళ్ళతో కరుచుకుంది. అలాగే వెళ్ళి మహారాణి మెడ వాటేసుకుని నిలబడింది. ఫోన్ స్పీకర్‌లో డాక్టరు గారు, "ఎవరు ఆ మూలిగేది?" అని అడిగారు. ఇద్దరూ మూలుగుతున్నారు సార్.

చెయ్యి లోపలికి పెట్టాను. వేడి. అంత వేడిగా ఉంటుందనుకోలేదు. ఆయన చెప్తున్నారు, "నొప్పి వచ్చినప్పుడు ఆగండి, తగ్గాక కదపండి." నొప్పి వచ్చినప్పుడల్లా నా మణికట్టుని ఎవరో పిండేస్తున్నట్టుంది. మెడ పక్కనుంచి కిందికి తడుముకుంటూ పోతే మోకాలు తగిలింది, వెనక్కి మడిచి ఉంది. పిల్లని కొంచెం లోపలికి తొయ్యాలి. బయటికి రమ్మని మొక్కుకుంటున్నదాన్ని లోపలికి తొయ్యడం! తోశాను. పాదం దొరికింది. గోరు గీసుకుని గర్భసంచి చిరక్కుండా అరచేతిలో గుప్పిట పట్టి, మోకాలు పైకి నెడుతూ, పాదాన్ని ముందుకి... ఎంతసేపో తెలీదు. టక్కున తిరిగింది. రెండు పాదాలు.

సరిగ్గా అప్పుడే మహారాణి మెడ తిప్పి ఉమ్మింది. గురి మీ చెల్లెమ్మ ముఖం. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. ఏ చేతిని అడ్డం పెట్టిందో నేను చెప్పక్కర్లేదు.

తర్వాత రెండు నొప్పులకి పిల్ల జారి నా ఒళ్ళో పడింది. పొడుగ్గా, తడిసి, వంట్లో ఎముకలే లేనట్టు. కదల్లేదు.

పోయినేడు సంగతి నీ ఒక్కడికే రాశాను. దాన్ని ఎక్కడ పూడ్చానో కూడా. సరిగ్గా ఇలాగే పడింది అదీ. మళ్ళీ అదే అనుకున్నాను. నేనేం చేశానో నాకు గుర్తు లేదు. మూతి మీది పలచటి పొర తీశానని, తువ్వాలు పెట్టి గట్టిగా రుద్దానని మీ చెల్లెమ్మ చెప్తోంది. నాకు గుర్తున్నది ఆ తుమ్ము. చిన్న తుమ్మురా. తుమ్మి, చెవి ఒకటి ఆడించింది.

ఇంకో విచిత్రం, ఆవులాగా తల్లి నాకదు. వీటి నాలుక అంత బయటికి రాదు. దగ్గరికొచ్చి వాసన చూసి "మ్మ్మ్" అని సన్నగా కూనిరాగం తీస్తుంది. పిల్ల కూడా "మ్మ్మ్" అంది. కాసేపటికి మిగతావన్నీ వరసగా వచ్చి వాసన చూసి పోయాయి, పరామర్శకి వచ్చిన చుట్టాల్లా. అయోడిన్‌లో బొడ్డు ముంచాం. తక్కెడకి వేలాడదీస్తే 7 కిలోల 100 గ్రాములు. గంటలోపే లేచింది, లేవడమంటే నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి పోయి, పడి, మళ్ళీ లేచి. పాల కోసం తల్లి మోకాలు చీకింది, కంచె కర్ర చీకింది, నా చెవి చీకింది. చన్నుల మొనలకి మైనంలాంటిది అడ్డుపడి ఉంటుంది, అది తీసి రెండు చుక్కలు పిండాక దారి తెలిసింది. ముర్రుపాలు తాగుతున్నప్పుడు దాని తోక పైకి లేచి ఊగింది చూడు, అక్కడ కూలబడి... సర్లే.

"మాయ పడిందా?" అని డాక్టరు గారు నాలుగు సార్లు ఫోన్ చేశారు. రెండు గంటల్లో పడింది.

ఇక కంకణం. పచ్చగా, తడిగా, మీ చెల్లెమ్మ చేతికి సాయంత్రం దాకా ఉంది. అన్నం కూడా... అది ఆవిడే రాస్తుందట నీకు, నా మీద ఫిర్యాదులతో కలిపి. రాత్రి నేను తకిలి తిప్పుతూంటే ఆవిడ చెయ్యి చాపి కూర్చుంది, రెండు పేటలూ పూర్తయ్యేదాకా. చిలప చుట్టి, గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి ఆరేశాం. మచ్చ మాత్రం పూర్తిగా పోలేదు. ఆ పచ్చ ముక్క ఒక మూరెడు ఇందులో పెట్టాను. మూడుసార్లు ఉతికాను, వాసన చూడకు. నీ నీలం చొక్కాకి జతగా దాచుకో.

పిల్ల పేరు చిక్కు. మగపిల్ల, అదే దిగులు. మగవాటిని చిన్నప్పుడు మనం మరీ చేరదీస్తే పెద్దయ్యాక మనిషిని కూడా పోటీకొచ్చిన ఇంకో మగ ఆల్పాకా అనుకుని మీద పడతాయట. అందుకని ముద్దు చెయ్యొద్దని డాక్టరు గారి ఆర్డరు. అది నా ప్యాంటు లాగుతూ "మ్మ్మ్" అంటుంటే నేను ఆకాశం చూస్తూ నిలబడుతున్నాను. నీకు రాయాల్సింది అదే అసలు, ఎంత కష్టంగా ఉందో...

ఆగు. మసి, చూడితో ఉన్న మా ఇంకో ఆల్పాకా, పెంటకుప్ప దగ్గరికెళ్ళింది. ఇవాళ దానికి 338.

వచ్చేసింది. ఏం లేదు. నీ ఉద్యోగం సంగతి అడుగుదామనుకున్నాను, ఆ రెండో ఉత్తరంలో ఏదో సగం రాసి కొట్టేశావు, పట్టి చూస్తే "వెళ్ళిపోదామని" అన్నట్టుంది. ఎక్కడికిరా? నిజం చెప్పు, నేను

మళ్ళీ వెళ్ళింది. ముక్కుతోంది. ఈసారి తకిలి ముట్టుకోలేదు, ఒట్టు. మీ చెల్లెమ్మ సబ్బు పట్టుకుని అరుస్తోంది, ఇలాగే కవర్లో పెట్టేస్తున్నా