గడియ పెట్టుకుని నిద్రపో తల్లీ

చిరంజీవి చిన్నమ్మకు, కర్నూలు నుంచి నాన్న ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వు చెప్పింది నేను సరిగా వినలేదు. నైట్ డ్యూటీ నుంచి వచ్చి పడుకుంటే, పగలు పదకొండింటికి ఇంటి ఓనరు తన దగ్గరున్న రెండో తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికి వచ్చాడన్నావు. కుళాయి కారుతోందేమో చూద్దామని వచ్చానన్నాడట. ఇలా రావడం ఇది మూడోసారి అన్నావు. "పెద్దాయన కదమ్మా, ఆయన ఇల్లే కదా, సర్దుకో" అన్నాను. నువ్వు సరేనని ఫోను పెట్టేశావు. రెండు రాత్రులుగా ఆ "సరే" నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను తల్లీ.

ఇల్లు ఆయనదే. కానీ అద్దె కడుతున్నన్నాళ్లూ అందులో నిశ్చింతగా ఉండే హక్కు నీది. ఈ సంగతి నీకు అందరికంటే ముందు చెప్పాల్సినవాణ్ణి నేను. ఇరవై రెండేళ్లు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట కూర్చుని దస్తావేజులు రాశాను. అద్దెకిచ్చే ఓనర్లందరూ పదకొండు నెలల అగ్రిమెంటే అడిగేవారు. ఓనర్లు చెబుతుంటే రాసేవాణ్ణి: గోడకు మేకులు కొట్టరాదు, ఓనరు కోరినప్పుడు ఇల్లు చూపించవలెను. అద్దెకు దిగేవాళ్లు చివర్లో వచ్చి, నేను వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేసి వెళ్లేవారు. "ముందుగా తెలియజేసి" అన్న రెండు మాటలు చేర్చమని వాళ్లలో ఎవరూ అడగలేదు. నేనూ చేర్చలేదు. ఇప్పుడు అది తలుచుకుంటే గుండె బరువెక్కుతోంది.

చట్టం కొత్తదేమీ కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షన్. అద్దె కడుతూ షరతులు పాటిస్తున్న మనిషిని గడువు తీరేదాకా ఏ ఆటంకమూ లేకుండా ఉండనిస్తానని ఓనరు మాట ఇచ్చినట్టే లెక్క, కాగితం మీద రాయకపోయినా సరే. అదే సెక్షన్ ఆయనకూ ఒక హక్కు ఇచ్చింది. ఇల్లు ఎలా ఉందో చూసుకోవడానికి రావచ్చు, అయితే సబబైన వేళల్లో. రాత్రంతా రోగుల దగ్గర నిలబడి వచ్చిన పిల్ల నిద్రపోతుంటే తలుపైనా తట్టకుండా రావడం ఎక్కడి సబబు? అగ్రిమెంటులో వేరే విధంగా రాసుకుని ఉంటే ఆ రాతకు విలువ ఉంటుంది. అందుకే నీ కాగితం ఫోటో తీసి ఈ రోజే నాకు పంపు.

2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం, ఓనరు రావాలంటే 24 గంటల ముందు రాతపూర్వకంగా చెప్పాలంటుంది. ఫోనులో సందేశమైనా చాలు. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అది అమలవుతుంది. అయినా ఒక రోజు ముందు చెప్పమనడం గొంతెమ్మ కోరిక కాదని దాన్నిబట్టే తెలుస్తోంది కదా.

చెప్పకుండా వచ్చిన ఓనర్లందరూ ఒకటేనని మాత్రం అనుకోకు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు మనం దసరా సెలవులకు ఊరెళ్లి ఉన్నాం. మన పోర్షను కింద, ఓనరు వాళ్లది పైన. నీళ్లు గడప దాటుతుంటే ఆయన మన తాళం పగలగొట్టి ట్రంకుపెట్టె, బియ్యం బస్తా, నీ బడి పుస్తకాలు పైకి మోయించాడు. మా పెళ్లి ఫోటోలు, నీ పుట్టిన తేదీ కాగితం ఈ రోజు ఉన్నాయంటే ఆయన చలవే. వరదో, నిప్పో వచ్చినప్పుడు అనుమతి ఎవరు అడుగుతారు? కుళాయి చుక్కల కోసం మూడుసార్లు తాళం తీయడం అలాంటిది కాదు.

ఆయనకు ఫోనులో మర్యాదగా ఒక సందేశం రాసి పంపు. "అంకుల్, ఇల్లు చూడాలంటే ఒక రోజు ముందు చెప్పండి. నేను మెలకువగా ఉండే వేళ చెబుతాను, అప్పుడు రండి" అని. నోటితో చెబితే రేపు సాక్ష్యం ఉండదు. ఇంతకుముందు వచ్చిన మూడు తేదీలూ, వేళలూ ఒక చోట రాసి పెట్టుకో. కోపంతో అద్దె మాత్రం ఆపకు. నీ హక్కు నిలబడేది అద్దె మీదే. చేతికి ఇవ్వకుండా బ్యాంకు ద్వారా వేయి.

ఖాళీ చేయమంటాడేమోనని నీ భయం. నెలసరి అద్దెకు, వేరే ఒప్పందం లేకపోతే, 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. సామాను బయట పడేసి తాళం వేస్తే, ఆరు నెలల్లోపు కోర్టుకు వెళ్లి ఇల్లు తిరిగి స్వాధీనం చేసుకునే దారి 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టంలో ఉంది. ఆయన బెదిరించడానికో, అవమానించడానికో లోపలికి వస్తే అది నేరం. భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ కింద వస్తుంది. ఇల్లు ఎవరిదన్నది కాదు, ఎవరి స్వాధీనంలో ఉందన్నదే అక్కడ లెక్క. ఏ కొంచెం భయం వేసినా 112కు ఫోను చెయ్యి. నన్ను అడగాలని ఆగకు.

ఆదివారం పొద్దున బస్సుకు అనంతపురం వస్తున్నాను. లోపలి నుంచి పెట్టుకునే ఇనుప గడియ ఒకటి కొన్నాను, మరలు బిగించే సామాను కూడా తెస్తాను. బిగించే ముందు ఓనరుకు ఒక మాట చెబుదాం. ఆయనతో నువ్వే మాట్లాడు, నేను పక్కన ఉంటాను. అమ్మ నీకు ఉగ్గాని కోసం బొరుగులు కడుతోంది.

మీ నాన్న