విత్తనానికి అనుమతి వచ్చిన తర్వాత

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. జన్యుమార్పిడి పంటలు ప్రమాదకరమా, కాదా, ఒక్క ముక్కలో తేల్చి చెప్పమన్నావు. ఒక్క ముక్కలో తేలే విషయమైతే ఇన్నేళ్లుగా ఇంత రభస నడిచేది కాదు. అయినా నా అభిప్రాయం దాచుకోను. అనుమతికి ముందు జరిగే పరీక్షల గురించే మనవాళ్లు గొంతులు చించుకుంటారు గానీ, చూడబోతే చిక్కుల్లో అధికభాగం అనుమతి చేతికి వచ్చాక, ఇక అంతా అయిపోయిందని అందరూ చేతులు దులుపుకున్నాక మొదలయ్యాయి.

ముందు తిండి సంగతి, ఎందుకంటే నీ భయమంతా దాని మీదే ఉంది. అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు 2016లో వెలువరించిన సుదీర్ఘ నివేదిక, అప్పటికి అమ్మకంలో ఉన్న జన్యుమార్పిడి ఆహారం మామూలు ఆహారం కన్నా ఆరోగ్యానికి ఎక్కువ హాని చేస్తుందనడానికి నిలబడే ఆధారం దొరకలేదని చెప్పింది. దీన్ని పట్టుకుని, ఇకముందు వచ్చే ప్రతి పంటా క్షేమమేనని వాదించడం మాత్రం తగదు. ఏ పంటకా పంటను విడిగా పరీక్షించాల్సిందే. సోయాలో పోషక విలువ పెంచడానికి బ్రెజిల్ నట్ జన్యువును చొప్పించినప్పుడు, ఆ గింజ పడనివారి రక్తనమూనాలతో పరీక్షిస్తే, అలర్జీ కలిగించే ప్రోటీన్ కూడా సోయాలోకి వచ్చేసిందని బయటపడింది. ఆ ఫలితాలు 1996లో అచ్చయ్యాయి, ఆ సోయా బజారు ముఖం చూడలేదు. పరీక్షలన్నీ కంటితుడుపేననే వాళ్లకూ, అసలు పరీక్షలే అనవసరమనే వాళ్లకూ నేను చూపించేది ఈ ఉదంతాన్నే.

ఇక అమెరికాలో స్టార్‌లింక్ అనే జన్యుమార్పిడి మొక్కజొన్న కథ విను. అందులోని ప్రోటీన్ త్వరగా జీర్ణం కాదు కాబట్టి అలర్జీ తెస్తుందేమోనన్న అనుమానంతో, దాన్ని పశువుల దాణాకు మాత్రమే అనుమతించారు. మొక్కజొన్న పుప్పొడి గాలికి పక్క చేలో పడుతుందనీ, కోత అయ్యాక గింజలన్నీ ఒకే గోదాముకు, ఒకే లారీకి ఎక్కుతాయనీ ఆ ఉత్తర్వు రాసినవారికి తోచకపోవడం నాకు ఇప్పటికీ వింతగానే అనిపిస్తుంది. 2000లో అది మనుషులు తినే టాకో షెల్స్‌లో, అంటే మొక్కజొన్న పిండితో చేసే కరకరలాడే రొట్టెల్లో, తేలింది. వందల రకాల సరుకుల్ని అంగళ్ల నుంచి వెనక్కి తెప్పించాల్సి వచ్చింది. ఆరేళ్ల తర్వాత, క్షేత్ర ప్రయోగాలు ఏనాడో ముగిసిన, అమ్మకానికి అనుమతి లేని ఒక జన్యుమార్పిడి వరి రకం అమెరికా బియ్యంలో కనిపించడంతో ఎగుమతులు దెబ్బతిన్నాయి. చివరికి ఆ వరి రకం హక్కులున్న బేయర్ కంపెనీ 2011లో రైతులకు 75 కోట్ల డాలర్ల వరకు చెల్లించడానికి ఒప్పుకుంది. ఆ బియ్యం తిని ఎవరికో జబ్బు చేసిందని కాదు, కొనేవాడి నమ్మకం పోయిందని.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసేది గులాబీ రంగు పురుగు. బీటీ అనే మట్టి బ్యాక్టీరియా జన్యువును చొప్పించిన బీటీ పత్తి ఆకులోనూ కాయలోనూ పురుగును చంపే ప్రోటీన్ ఉంటుంది కదా. లక్షల పురుగుల్లో ఏ ఒకటో రెండో దాన్ని తట్టుకుని బతుకుతాయి. చుట్టూ ఎకరాల కొద్దీ బీటీ పత్తే ఉంటే, బతికిన ఆ కొద్ది రెక్కల పురుగులు తమలో తామే జతకట్టి, తట్టుకునే సంతానాన్నే కంటాయి. అందుకే పొలంలో కొంత మేర మామూలు పత్తి వేయించే పద్ధతి పెట్టారు. దాన్నే రెఫ్యూజీ పంట అంటారు. అక్కడ పెరిగిన మామూలు పురుగులు వీటితో జతకడితే, పుట్టే పిల్లలకు తట్టుకునే శక్తి చాలావరకు ఉండదు. అంటే పురుగును జయించడానికి కొంత పురుగును పెంచాలన్నమాట! భారతదేశంలో 2002లో బీటీ పత్తికి అనుమతి ఇచ్చినప్పుడు ఈ షరతు కూడా ఉంది. 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ విత్తనాన్ని వేరే పొట్లంలో ఇచ్చేవారు. చాలామంది ఆ చిన్న పొట్లాన్ని వేయనే లేదు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. పురుగు తినేస్తుందని ముందే తెలిసిన వరుసల్ని, అందరి మేలు కోసం, ఒక్కడే ఎందుకు విత్తుకోవాలి? విత్తాడో లేదో చూసే నాథుడూ లేడు. కొన్నేళ్లకే పురుగు మొదటి రకం బీటీకి, తర్వాత రెండు ప్రోటీన్లున్న రకానికి కూడా అలవాటు పడింది. అదే పురుగును, అదే బీటీ పత్తితో, రెఫ్యూజీ నియమాన్ని గట్టిగా పాటించి, తర్వాత సంతానం కలగకుండా చేసిన పురుగుల్ని విమానాల నుంచి వదిలి, పత్తి పండించే ప్రాంతాలన్నిటిలోనూ లేకుండా చేశామని అమెరికా 2018లో ప్రకటించింది. జన్యువు ఒకటే అయినా దాని చుట్టూ జరిగిన పని వేరని దీన్నిబట్టి తెలియడం లేదా?

కలుపు మందును తట్టుకునే పంటలది మరో తంతు. ఏటా గ్లైఫోసేట్ అనే ఒకే కలుపు మందును చల్లుతూ పోతే, తోటకూర జాతికే చెందిన పామర్ అమరాంత్ అనే కలుపు దాన్ని లెక్కచేయకుండా ఎదిగింది; 2005లో అమెరికాలోని జార్జియాలో ఇది నిర్ధారణ అయింది. ఆ మీదట డైకాంబా అనే మరో కలుపు మందును తట్టుకునే రకాలు తెచ్చారు, ఆ మందు ఆవిరై పక్క పొలాల్ని మాడ్చింది, కోర్టుల దాకా వెళ్లింది. అక్కడ 1986 నుంచి మొక్కను ఒక శాఖ, మందును ఇంకొకటి, ఆహారాన్ని మరొకటి చూస్తున్నాయి. విత్తనం, మందు జంటగా అమ్ముడయ్యేటప్పుడు వాటి పర్యవసానాన్ని జంటగా తూచే బాధ్యత ఎవరి నెత్తినా పూర్తిగా పడలేదు.

దేశాల తీరు గురించి అడిగావు. స్థూలంగా, అమెరికా తయారైన వస్తువు గుణాన్ని చూస్తానంటుంది, ఐరోపా తయారుచేసిన పద్ధతిని చూస్తానంటుంది. లేబుల్ విషయంలోనూ అంతే: అనుకోకుండా కలిసిన జన్యుమార్పిడి పదార్థం వంతు ఐరోపాలో 0.9 శాతం దాటితే చెప్పాలి, అమెరికాలో ఆ హద్దు 5 శాతం. సరిహద్దులు దాటే సజీవ జన్యుమార్పిడి జీవుల కోసం 2003 నుంచి కార్టజీనా ఒప్పందం అమల్లో ఉంది. నాటడానికి తొలిసారి పంపే ముందు దిగుమతి చేసుకునే దేశానికి ముందుగా తెలిపి, దాని సమ్మతి పొందాలి. అమెరికా అందులో చేరనే లేదు.

ఈ లోపు జన్యు సవరణ వచ్చి లెక్కలన్నీ తారుమారు చేసింది. బయటి జన్యువు చేర్చకుండా, మొక్కలో ఉన్న డీఎన్‌ఏలోనే ఒకటి రెండు అక్షరాలు మార్చిన మొక్కను, సహజంగా మారిన మొక్క నుంచి ప్రయోగశాల చాలాసార్లు వేరుగా గుర్తించలేకపోతుంది. ఐరోపా న్యాయస్థానం 2018లో వాటినీ జన్యుమార్పిడి పంటల పాత చట్టం కిందికే తెచ్చింది. భారత ప్రభుత్వం 2022లో అలాంటి మొక్కల్లో కొన్ని తరగతులకు జన్యుమార్పిడి నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. నా మటుకు మినహాయింపుతో పెద్ద పేచీ లేదు. కానీ పరీక్షలో దొరకని విత్తనానికి కాగితమే సాక్ష్యం కాబట్టి, ఏ విత్తనంలో ఏం మార్చారో ఎవరైనా చూడగల బహిరంగ చిట్టా ఉండాలి. దాన్ని కంపెనీ ఇష్టానికి వదిలేయకుండా, విత్తనం అమ్మడానికి షరతుగానే పెట్టాలి. నువ్వు దీనికి ఒప్పుకోవని తెలుసు. ఎందుకు ఒప్పుకోవో వివరంగా రాయి.

ఇట్లు,
నీ మిత్రుడు